తాలు కలిపిన చేయి

"రేపు కోర్టులో నోరు విప్పేదాకా మన్సూర్ ప్రాణం నీ పూచీ," అన్నాడు ఫోనులో చీఫ్ పాండురంగారావు. "అతని వెంటపడ్డవాళ్లు దొరికితే వినిపించే కోడ్ వర్డ్: మొదటి కోత."

మిర్చి దళారి వేషంలో, భుజాన తువ్వాలుతో, ఏజెంట్ యోగేశ్ ఎడ్లపాడు దగ్గరి ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గదిలో కూర్చున్నాడు. ఎదురుగా, విదేశీ ముఠా మీద తిరగబడి సాక్షిగా మారిన మన్సూర్ బిర్యానీ పొట్లం విప్పుతున్నాడు.

యోగేశ్ తన సొంత ఫోను తీశాడు. నరసరావుపేటలో అతని ఇంటి కంప్యూటర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. కిందటేడు పోయిన భార్య హరిత వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి. అతను ఎక్కడున్నా అవి ఈ ఫోనులోకి స్ట్రీమ్ అవుతాయి. ఆత్మల మీద నమ్మకం లేనివాడికి ఆమె మిగిలింది ఆ ఒక్క చోటే. ఆ సర్వర్ అమర్చి ఇచ్చింది సహోద్యోగిని ప్రీతి. ఎంత అందగత్తె అంటే, గదిలోకి ఆమె అడుగు పెడితే బ్రీఫింగులు ఆగిపోయేవి. హరిత పోయిన నాడు మాత్రం అతని పక్కనే కూర్చుంది.

ఇవాళ అందులో అతను ఎన్నడూ చూడని వీడియో ఒకటి కనిపించింది.

కల్లంలో మిరపకాయలు ఏరుతూ హరిత. "ఏమయ్యా, ఎక్కడున్నావ్? బువ్వ తిన్నావా?"

అతను తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఏందయ్యా అది?" అన్నాడు మన్సూర్. "చచ్చేవాణ్ణి నేనైతే ఏడుపు నీదా?"

అంతలో హరిత చేతికి తెల్లబడిన కాయ ఒకటి తగిలింది. ఆమె దాన్ని ఎర్రకాయల రాశిలో వేసింది.

యోగేశ్ బిగుసుకుపోయాడు. హరిత బొల్లాపల్లి రైతుబిడ్డ. మాటల్లో ఉండి కూడా, కళ్లెత్తకుండానే ఇలాంటి తాలుకాయను పక్కకు విసిరేది. తాలు కలిస్తే సరుకు విలువే పోతుందని పుట్టుకతో తెలిసిన చేయి అది. ఇది ఆ చేయి కాదు. ఎవరో కృత్రిమ మేధతో అల్లిన బొమ్మ. దాన్ని చూస్తున్నంతసేపూ ఫోను ఎక్కడుందో ఇంటి కంప్యూటర్ ద్వారా ముఠాకు తెలుస్తుంది. ఆ దారి తెలిసిన మనిషి ప్రీతి ఒక్కతే.

శాఖ ఫోనులో చీఫ్‌కు చెప్పాడు.

"వెంటనే ఆపెయ్."

"ఆపితే నేరుగా ఇక్కడికే వస్తారు సార్. ఆడనిద్దాం, ఫోనునే ఇక్కణ్ణుంచి పంపేద్దాం. స్ట్రీమ్ నడిస్తే ప్రీతి ఎక్కడ కూర్చుందో టెక్నికల్ వింగ్ కూడా పట్టుకోగలదు."

ఆడుతున్న ఫోను మిరపకాయల టిక్కీ బస్తాల మధ్య దాగి, లారీలో నరసరావుపేట దారి పట్టింది. టిక్కీల వెనక చీఫ్ పంపిన కమాండోలు. గేటు దాకా వచ్చిన నల్ల కారొకటి తటపటాయించి, వెనక్కి తిరిగి లారీ వెంటపడింది.

ఇక మిగిలింది హరిత. అనుమానం తగిలిన క్షణాన ప్రీతి తన జాడలతో సహా ఆ కంప్యూటర్‌ను తుడిచేస్తుంది. ఆ వీడియోలకు మరో కాపీ లేదు. యోగేశ్ తన ఇంటి తాళంచెవి ఉన్న పక్కింటి నాగేంద్రమ్మకు శాఖ ఫోనులోంచే కాల్ చేశాడు.

"పిన్నీ, మా కంప్యూటర్ ప్లగ్గు దగ్గర నిలబడు."

"నిలబడ్డానయ్యా. పీకనా?"

పీకితే హరిత దక్కుతుంది. స్ట్రీమ్ తెగుతుంది. కారు మళ్లీ ఇటే తిరుగుతుంది. ఎదురుగా మన్సూర్ తీరిగ్గా ఎముక చీకుతున్నాడు.

"వద్దు."

"మరి పిలిచిందెందుకు? పొయ్యి మీద పాలు పెట్టి వచ్చా. పీకాలా, వద్దా?"

"నేను చెప్పేదాకా ముట్టుకోకు పిన్నీ." ఆ మాట పలకడానికి అతనికి చానా బలం కావలసి వచ్చింది.

చెవిలోని రిసీవర్ గరగరలాడింది. "మొదటి కోత! కారులోవాళ్లందరూ దొరికారు. ప్రీతినీ పట్టుకున్నాం, లాప్‌టాప్ ముందే."

"పిన్నీ, పీకెయ్!"

"పీకానయ్యా." ఆమె గొంతు తగ్గింది. "కాకపోతే, అంతకుముందే తెర మీద ఏందో గిర్రున తిరిగి, మొత్తం నల్లగా అయిపోయింది. నా వల్ల కాదు గదా?"

"నీ వల్ల కాదు పిన్నీ. ఇంటికెళ్లు."

చెవిలో చీఫ్ ఇంకా మాట్లాడుతున్నాడు. "శభాష్! పైవాళ్లు అడుగుతారు, మనకు నష్టమేమైనా జరిగిందా?"

యోగేశ్ భుజాన తువ్వాలు సర్దుకున్నాడు. అబద్ధమాడటం అతనికి గిట్టదు.

"శాఖ ఆస్తికేమీ కాలేదు సార్."