కాగిన నూనె సీసా

కోడలు స్నానానికి వెళ్లగానే చిలకమ్మ ఆమె సంచి ముందు కూర్చుంది. బట్టల పక్కన బూట్లు, హెల్మెట్. ఆవకాయకి చోటు చేస్తుంటే చేతికి ఇంకో సీసా తగిలింది. నల్లగా, చిక్కగా, మూతకి లక్క ముద్రతో. హోటళ్లలో కాగి కాగి మాడిన నూనె.

ప్రయాణంలో నూనె. ఎంత అపశకునం! ముద్ర ఊడదీసి, నూనెను పెరటి తూములో ఒంపేసి, సీసా తోమి తుడిచి, నిండా కందిపొడి పోసి సంచిలో పెట్టేసింది. ఇప్పటికి ప్రాణం కుదుటపడింది.

కోడలు కుసుమకుమారి పని చేసే కంపెనీ, వాడిన వంటనూనె నుంచి బయోడీజిల్ తీసే ప్లాంట్లు కట్టి, నడిపించి అప్పగిస్తుంది. రాయపూర్ దగ్గర కట్టిన కొత్త ప్లాంటును మొదలుపెట్టే బాధ్యత ఈసారి ఆమెదే. ఇలాంటి పని ఆమె చేతికి రావడం ఇదే మొదలు. మధ్యాహ్నం రైలు.

జుట్టు తుడుచుకుంటూ వచ్చి సంచి చూసుకున్న కుసుమ, సీసా పైకెత్తి అలాగే నిలబడిపోయింది.

"అత్తా, ఇందులో నూనె ఏదీ?"

"పారబోసినాను. ఊరెల్లేటప్పుడు నూనె ఎవులైనా మోసుకెల్తారేటే? కందిపొడి ఎట్టినాను, అన్నంలో కలుపుకో."

పోర్టుకు డ్యూటీకి బయల్దేరుతున్న అశోక్ నవ్వబోయి, భార్య ముఖం చూసి చెప్పులు వెతుక్కున్నాడు.

కుసుమ కింద కూలబడి అత్తకి అర్థమయ్యేలా చెప్పింది. పూర్ణా మార్కెట్‌లో ఎల్లారావు అనే వ్యాపారి హోటళ్ల నూనె పోగుచేసి టాంకర్ నింపి ఉంచాడు. ఈ సీసా ఆ టాంకర్‌లోదే. కాగిన నూనెలో పులుపు ఎంతుందో తెలీకుండా మందు కలిపితే డీజిల్ రాదు, సబ్బు తేలి పైపులన్నీ మూసుకుపోతాయి. అక్కడి పరీక్షలో ఈ సీసా నెగ్గితేనే టాంకర్ ఇక్కణ్ణుంచి కదుల్తుంది.

"సబ్బైతే సబ్బే అమ్ముకోండి. అదీ కొంటారు కదేటి," అంది చిలకమ్మ.

కుసుమ నవ్వలేదు. "నన్ను ఎల్లొద్దనుకుంటే మొహం మీదే చెప్పాల్సింది అత్తా. నా పని తూములో పోసేత్తావేటి?"

చిలకమ్మ లేచింది. లోపలికెళ్లి మంచి చీర కట్టుకొచ్చింది. "పద, ఆ ఎల్లారావు కాడికి. పారబోసింది నాను. మోసుకొచ్చేదీ నానే."

మల్కాపురం నుంచి ఆటోలో వెళ్లారు. ఎల్లారావు షెడ్డు చుట్టూ వీధంతా బజ్జీల వాసన. అత్తగారికి కూడా కంపెనీలో ఉద్యోగమిచ్చారా, అయితే హెల్మెట్ అడిగి తీసుకోమని ఆయన వేళాకోళమాడాడు. కొత్త సీసాలో నూనె పట్టి, లక్క కరిగించి ముద్ర వేశాడు. కుసుమ సంతకం పెట్టి తిరిగి చూస్తే, చిలకమ్మ టాంకర్ డ్రైవర్ దగ్గర నిలబడి ఉంది. సాలూరు కొండల ఘాటీలో నెమ్మదిగా తోలమని అతన్ని బతిమాలుతోంది.

తిరుగు ఆటోలో చిలకమ్మ సీసాని చీర చెంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

"మీ మావయ్య దాలయ్య ఆయిల్ టాంకరే తోలేవోడు," అంది బయటికి చూస్తూ. "ఆ దారినే ఎల్లీవోడు."

మామగారు లేరని మాత్రమే పెళ్లిలో విన్నది కుసుమ. "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదత్తా?"

"సెప్తే నువ్వూ బయపడతావు. ఇంటికి బయపడీదాన్ని నానొక్కదాన్ని సాలు."

కుసుమ ఆ సీసా మీదున్న చేతి మీద తన చెయ్యి వేసింది. కళ్లు తుడుచుకుని, ఈ నూనె ఏ కొట్టు బజ్జీలదో చెప్పు చూద్దాం అంది. చిలకమ్మ సీసా ముక్కు దగ్గర పెట్టుకుని గంభీరంగా ఆలోచించి, జగదాంబ సెంటర్‌దే అని తేల్చింది. ఇద్దరూ నవ్వుతుంటే ఆటో అబ్బాయి అద్దంలో చూశాడు.

స్టేషన్‌లో సీసా కోడలి చేతికి తనే అందించింది. ఎల్లిరా అంది, అంతే.

సీసా నెగ్గింది. టాంకర్ ఘాటీ దాటింది. తేనెరంగు డీజిల్ ఫొటో ఫోన్‌లోకి రాగానే చిలకమ్మ వీధి వీధంతా చూపించి, ఇది మా ఇంటి పిల్ల తీసిందని చెప్పుకుంది. వానలు మొదలవక ముందే కుసుమ తిరిగొచ్చింది. టాంకర్ డ్రైవరూ తిరిగొచ్చాడు.

దాలయ్య 1996 ఆగస్టులో సాలూరు ఘాటీ ఎక్కాడు. తిరిగి రాలేదు.