మల్లెపందిరి జంటపురుగు

"మంగతాయారు గారి పెరటి మల్లెపందిరి కింద కొత్త జాతి! మగదీ ఆడదీ రోజూ మధ్యాహ్నం జంటగా పాడుతున్నాయి" అని గోడమీది కీటకవాణి యంత్రం ప్రకటించగానే సుమబాల పెనం మీద దోసె తిరగేయబోయి చింపేసింది.

మారేడుమిల్లిలో ఇప్పుడు తెల్లవారేది కీటకవాణితోనే. చెట్లకూ చూరులకూ వేలాడే ఆకుచెవులు చప్పుడును బట్టి ఏ పురుగు ఎక్కడుందో పసిగట్టి దానికి చేరవేస్తాయి. ఏ పంట వేయాలో, వాన ఎప్పుడు దిగుతుందో పురుగుల పాటను బట్టే అది చెబుతుంది. ఆకుచెవుల వినికిడికి అడ్డు రాకూడదని ఊళ్ళో మిక్సీలకు దుప్పట్లు కప్పుతారు. సుమబాల పెళ్ళిలో డోలు వాయించాల్సినాయన దాన్ని వేళ్ళతో నిమిరి ఊరుకున్నాడు.

"ఆయ్! మా కోడలు కాలుపెట్టిన వేళండి!" అని పక్కింటికి కేక వేయబోయిన అత్తగారు మంగతాయారు, నియమం గుర్తొచ్చి ఆ గొప్పంతా గుసగుసలోనే చెప్పుకుంది.

మధ్యాహ్నానికల్లా శబ్దశాఖ అధికారిణి రెబెకా పరుగున వచ్చింది.

"భూమధ్యరేఖ దగ్గర ఏడాదంతా వెచ్చదనం, ఏడాదంతా తడి. అక్కడ పురుగుల జాతులకు అంతుండదమ్మా. అక్షాంశం పెరిగి ఉత్తరానికి జరిగేకొద్దీ తగ్గుతాయి. పైగా మనకు మధ్యలో పొడి ఎండాకాలం. రోళ్ళు పగిలే ఈ ఎండలో జంటగా పాడిందంటే, ఎంత దూరం నుంచి వలస వచ్చిందో పాపం!"

"ఇప్పుడేం చేస్తారండీ?" అడిగింది సుమబాల.

"ఈ ఇంటిని అభయారణ్యం చేస్తాం. వానాకాలం దాటేదాకా మనుషులుండకూడదు. మగవాళ్ళకు రంపచోడవరంలో వసతి, ఆడవాళ్ళకు రాజమండ్రిలో."

సుమబాల పెళ్ళిచీర మీద పసుపు మరకే ఇంకా వదల్లేదు! ఆ పురుగెవరో ఆమెకు తెలుసు. ఈ ఇంట్లో గదికీ గదికీ మధ్య చెక్కగోడలే. ఒకరు తుమ్మితే నలుగురూ చిరంజీవ అంటారు. అందుకే మధ్యాహ్నం అత్తగారూ మామగారూ కునుకు తీయగానే ఆమె మొగుడు గోవర్ధన్ పందిరి కింద నాలుకతో టక్ టక్ మంటాడు. వంటింట్లోంచి ఆమె పెదాలతో ట్ర్‌ర్‌ర్ మంటుంది. తరవాత ఇద్దరూ ఒకే తాటిముంజెను చెరో వైపు నుంచి జుర్రుకుంటారు.

"నువ్వు చెప్పు" అని మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

"నువ్వే చెప్పు. ఆవిడ నీకు అత్తగారు."

"నీకు అమ్మ కాదా?"

రెబెకా అప్పటికే గుమ్మానికి తాడు కడుతోంది. అరుగు మీద మామగారు సత్యంబాబు తన పెట్టె సర్దుకుంటున్నారు. ఇక లాభం లేదనుకుని సుమబాల కళ్ళు గట్టిగా మూసుకుని, అందరి ముందూ ట్ర్‌ర్‌ర్ మంది.

అలవాటుకొద్దీ గోవర్ధన్ నోరు దానంతటదే టక్ టక్ మంది.

"జంట దొరికింది!" అని ఎలుగెత్తి చాటింది కీటకవాణి.

"ఓరి నీ అసాధ్యం కూలా!" మంగతాయారు బుగ్గన చెయ్యి పెట్టుకుని చరచరా లోపలికెళ్ళిపోయింది. ఆమె భుజాలు అదురుతున్నాయి. కోపమో నవ్వో సుమబాలకు అంతుపట్టలేదు. మామగారు మాత్రం పెట్టె మూసి, నాలుకను అంగిలికి ఆనించి ఏదో ఆలోచిస్తున్నారు.

రెబెకా ఉసూరుమంటూ తాడు విప్పింది. "దీనికి పురుగుల పాటలన్నీ నేర్పాం గానీ, కొత్త దంపతుల సంగతి ఎవరికీ తట్టలేదమ్మా. పై వాళ్ళు మార్పుకు ఒప్పుకునేదాకా ఇది మిమ్మల్ని పురుగులనే చెబుతుంది, ఏమీ అనుకోకండి."

మర్నాడు పొద్దున్నే కీటకవాణి ఉత్సాహంగా మొదలెట్టింది. "కొత్త జాతి వేగంగా విస్తరిస్తోంది! సంత వీధిలో ఒక జంట. బడి వెనక ఇంకో జంట. మంగతాయారు గారి ముందు గదిలో మరొకటి. ఇందులో మగదాని గొంతు కాస్త బొంగురు."

సత్యంబాబు ఇడ్లీ మీంచి తలెత్తలేదు. మంగతాయారు ఒక్క ఉదుటున లేచి, మిక్సీ మీది దుప్పటి లాగి కీటకవాణి మీద కప్పేసింది.

"నవ్వింది చాల్లే, చట్నీకి మిక్సీ తిప్పు" అంది కోడలితో, మొహం ఇటు తిప్పకుండా.