ఉత్తరపు గోడలో చప్పుడు

ఆ రాతి ఇంటి ఉత్తరపు గోడకి ముప్పై ఏళ్ళుగా మంచి పేరు లేదు. రాత్రయితే అందులోంచి టక్... టక్... అని వినిపిస్తుందట. చెప్పేవాళ్ళంతా విన్నవాళ్ళే. వెళ్ళి చూసిన మొనగాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఆ ఇంటికి కొత్త గది ప్లాను గీసింది ఇంటావిడ మేనకోడలు. మోకాళ్ళు పోయి అత్తయ్య మేడ ఎక్కలేకపోతోంది. కింద హాల్లో, ఆ గోడ పక్కనే ఆవిడ మంచం. అందుకని గోడకి బయట ఆనించి నేలమట్టాన ఒక గాజు గది, దానికో స్నానాలగది. పాత గోడలో గుమ్మమంత కన్నం కొడితే హాలూ కొత్త గదీ కలుస్తాయి.

పునాది గొయ్యి తవ్వారు. గోడ దగ్గరికొచ్చేసరికి కూలీలు సుత్తులు పడేశారు. దెయ్యం సంగతి తేలేదాకా ముట్టుకునేది లేదన్నారు.

"దానికీ ఒక గది గీయవే" అని అత్తయ్య వేళాకోళమాడి, ముసుగుతన్ని పడుకుంది.

మేనకోడలికి ఒళ్ళు మండింది. దీపం ఆర్పి, చిన్న సుత్తి పట్టుకుని కూర్చుంది. లేచింది. తిరిగింది. మళ్ళీ కూర్చుంది...

టక్.

సరిగ్గా తను సుద్దతో గుమ్మం గీసిన చోటే.

తనూ మెల్లగా ఒక దెబ్బ వేసింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత — టక్.

రెండు కొట్టింది. రెండు వచ్చాయి.

సుత్తి కింద పెట్టింది. చప్పుడు కాకుండా పెరటి తలుపు తీసి, గోడ చుట్టూ తిరిగి వెళ్ళింది...

గోడకి చెవి ఆనించి ఒక ముసలాయన. వీధి చివర ఉండే మేస్త్రి.

"ఇన్నేళ్ళూ నువ్వేనా తాతా?"

ఆయన తల వంచుకున్నాడు. అప్పట్లో వానకి కూలిన గోడని తిరిగి కట్టింది తనేనట. ఇంటివాళ్ళు తొందరపెడితే, లోపలి వరసనీ బయటి వరసనీ కలిపి పట్టే పొడుగు రాళ్ళు పెట్టకుండా నడుమ మట్టి కుక్కేశాడట. బయటపడితే మళ్ళీ పనికి పిలిచేదెవరు? అందుకే రాత్రిళ్ళు వచ్చి, లోపల బోలు ఎంత పెరిగిందో కొట్టి, విని వెళ్తున్నాడు. జనం దెయ్యమంటే ఊరుకున్నాడు. తప్పు ఒప్పుకోవడం కన్నా దెయ్యం అనిపించుకోవడమే తేలికైంది ఆ మనిషికి.

"మరి ఇవాళ నాకెందుకు బదులు కొట్టావు?"

"లోపల మనుషులున్నారేమో తెలుసుకుందామని..." ఆయన మళ్ళీ గోడకి చెవి ఆనించాడు. "మొన్నటిదాకా జానెడే బోలు తల్లీ. నువ్వు గొయ్యి తవ్వించాక లోపలి మట్టి జారిపోయి నిలువెత్తు బోలు మోగుతోంది. ఆ పక్కన ఎవరైనా పడుకున్నారా?"

"అత్తయ్య..."

గోడ మీంచి గుప్పెడు మట్టి జలజలా రాలింది.

"లేపు" అన్నాడు మేస్త్రి. "ముందు ఆమెని లేపు."