గోడ అవతలి కిరాయిదార్లు

శవం ముఖం మీది గుడ్డ తీసి చూసి, మళ్ళీ కప్పేశాడు ఏజెంట్ అమరేందర్. దశరథం. ఏళ్ళ తరబడి పక్కపక్కన పనిచేసిన మనిషి. ఏడుపు రావాల్సిన చోట ఏమీ రాలేదు.

"హాలియా దగ్గర కాలువలో దొరికాడు," అన్నాడు చీఫ్. "గాజులమ్మేవాడి వేషంలో వెళ్ళాడు. సరిహద్దులో యుద్ధం నడుస్తోంది. ఇక్కడ శత్రువుల గ్యాంగ్ ఒకటి కాలువ పనులను టార్గెట్ చేసింది. ఎప్పుడు, ఎలా అన్నది తెలియదు. గ్యాంగ్‌లో ఒకరిని మనవైపు తిప్పుకున్నానని దశరథం చివరి మెసేజ్."

"కోడ్?"

"'ఇంట్లో తేళ్ళున్నాయా?' అని అడుగు. 'ఒకటుంది, కుట్టదు' అని జవాబు రావాలి."

మర్నాడు, 1965 సెప్టెంబరు ఎండలో, మలేరియా మందు పంపు భుజానికి తగిలించుకుని అమరేందర్ హాలియాలో ఇల్లిల్లూ తిరిగాడు. పంపు అడుగున దొంగ అర, అందులో రివాల్వర్.

ఊరి చివర కురుమయ్య ఇంట్లో అతని కూతురు, పదహారేళ్ళ సైదమ్మ, పంపు వెంటే తిరిగింది.

"సార్, పక్కింట్ల గూడ కొడ్తరా? జర పైలం. వాళ్లు మంచోళ్లు గాదు."

"ఎవరు వాళ్ళు?"

"ముసలాయన, బిడ్డ, ఇద్దరు జీతగాళ్లు. కిరాయికొచ్చిన్రు. ముసలాయనకు పాణం బాగలేదంటరు, దగ్గు ఇనబడదు. ఆ ఇంట్లకు పోతె తలకాయ పలిగినట్టు నొస్తది. మొన్న గాజులాయన లోపలికి పోయిండు. మల్ల బయటికి రాలె."

"డేరా టాకీసుల దయ్యాల సిన్మ చూసినకాంచి గిదే లొల్లి సార్," అన్నాడు కురుమయ్య. "గాలి సోకిందని తాయెత్తు గూడ కట్టించిన."

పంపు కొడుతున్న అమరేందర్ చెయ్యి ఆగింది. బండలు పేల్చే జెలటిన్ స్టిక్స్ దాచిన గదిలో గాలి పీల్చినా తల అలాగే పగిలిపోతుంది.

పక్కింటి తలుపు తీసినామె నైలాన్ చీరలో, నల్ల కళ్ళద్దాలతో మెరిసిపోతోంది. ముసలాయన కూతుర్ని, పేరు సావిత్రమ్మ అంది.

"ఇంట్లో తేళ్ళున్నాయా?"

ఆమె గొంతు తగ్గించింది. "ఒకటుంది, కుట్టదు. దశరథం గారిని దొడ్డిదారిన తప్పించింది నేనే. కాలువ దగ్గర మావాళ్ళు కాపు కాసి చంపేశారు. ప్లాన్ ఎల్లుండికి. రేపు పోలీసులతో రండి, అందరూ దొరుకుతారు."

కోడ్ సరిపోయింది. గోడ ఇవతలికి వచ్చాక అలవాటు కొద్దీ సైదమ్మను అడిగాడు: "గాజులాయన దొడ్డిదారిన పోయాడేమో?"

"దొడ్డి దర్వాజ యాడున్నది సార్? వాళ్లు దిగిన నాడే ఇటికెలు పెట్టి కట్టేసిన్రు." చెప్పి చెప్పి అలిసిపోయిన గొంతు ఆ పిల్లది. "అగో, ముసలాయనను జీపుల ఎక్కిస్తున్నరు. దవాఖానకంట. పరుపు మోసెటోళ్లకు చెమటలు కారుతున్నయి. ఆయనేమో బక్కోడు. జీపు మూతి కాలువ పనుల మందుగుండు గోదాం దిక్కున్నది, దవాఖాన గటు లేదు. గాడనే మా అమ్మ మట్టి మోస్తది."

అమరేందర్‌కు అర్థమైంది. దాడి ఎల్లుండి కాదు, ఇప్పుడే. దశరథం ఆమెను నమ్మాడు. కోడ్ చెప్పాడు. చచ్చిపోయాడు.

జీపు ఇంజను మోగింది. సైదమ్మ కొట్టంలోని బర్రెలను విప్పి సందులోకి తోలింది. జీపు ఆగింది. డ్రైవర్ కళ్ళలో మలేరియా మందు కొట్టాడు అమరేందర్. రెండోవాడి భుజంలో బుల్లెట్ దింపాడు. రోగి లేచి కూర్చుని పిస్తోలు తీశాడు. కురుమయ్య ముల్లుగర్ర అతని మణికట్టు మీద పడింది. కూలిపోతూనే ముసలివాడు పరుపు కింద ఏదో నొక్కాడు. టిక్ టిక్ మొదలైంది.

గడపలోంచి సావిత్రమ్మ తుపాకీ ఎత్తింది. అమరేందర్ ముందు కాల్చాడు. దశరథాన్ని చంపించిన మనిషి పడిపోయింది. లోపల సంతోషం కోసం వెతుక్కున్నాడు. అదీ లేదు.

పరుపు చీల్చాడు. జెలటిన్ కట్టలు, బ్యాటరీ, గడియారం. ముల్లు ఆఖరి గీత మీదికి వస్తుండగా బ్యాటరీ తీగను పళ్ళతో తెంపాడు. చప్పుడు ఆగింది.

"పాణం పోతదని బుగులు కాలేదా సార్?" అంది సైదమ్మ.

"తెలియదు."

"నాగ్గూడ ఏం కాలె. గిన్నొద్దులు బుగులువడీ వడీ అయిపోయింది."

పోస్టాఫీసు నుంచి ట్రంక్ కాల్ కలిసింది. "సమాచారం ఎవరిచ్చారు?" అన్నాడు చీఫ్.

"విశ్వసనీయ వర్గాలు సార్."

కిటికీలోంచి చూశాడు. తల్లి సద్దికి ఆలస్యమైందని, విశ్వసనీయ వర్గాలు నెత్తిన గంపతో కాలువ వైపు పరుగెడుతున్నాయి.