గడువు అడగని ఫెలో

అయ్యప్ప గొంతుకి నైలాన్ తాడు బిగించి, కోడూరు దగ్గర పాయలోకి తోసేసినవాడు ఎవడో గానీ, వాడు చేసిన పొరపాటు ఒక్కటే. చచ్చినవాడికి తమ్ముడున్నాడా అని కనుక్కోలేదు.

ఆ తమ్ముడు ఏజెంట్ అంకమ్మరావు. ఊళ్లోవాళ్లకి మాత్రం విశాఖలో కోల్డ్ స్టోరేజీ మేనేజరు. అన్న పెద్దకర్మ కాకముందే గుడివాడలో, మూతపడ్డ సినిమాహాలు ప్రొజెక్టర్ గదిలో, చీఫ్ కోటిలింగం ముందు నిలబడ్డాడు.

"విదేశీ ముఠా ఒకటి దివిసీమ పాయల మ్యాపు గీయిస్తోంది," అన్నాడు చీఫ్. "పోటుకి ఎక్కడ ఎంత లోతుంటుందో, మన రాడార్‌కి ఏ మలుపు కనబడదో, అన్నీ. అది బయటికెళ్తే ఆయుధాల పడవలు తిన్నగా మీ ఊరి రేవులోకే వస్తాయి."

"మా అన్నని చంపిందెవరండీ?"

"ఆ మ్యాపు గీసేవాడే. రీసెర్చి సారనుకుని మీ అన్న పాపం పడవ మీద పాయలన్నీ తిప్పి చూపించాడు. పనయ్యాక సాక్షి ఎందుకని లేపేశాడు. వాడి మొహం ఎవరూ చూళ్లేదు. భుజాన మాత్రం బందరు అడ్వాన్స్‌డ్ స్టడీ ఇన్‌స్టిట్యూట్ సంచీ ఉందట."

"వెళ్తున్నానండీ."

"ఆగు. అక్కడ హారిక అని ఒకావిడ ఉంది. ముఠాకి కొరియర్, మనకి ఏజెంట్. డబుల్. వాడెవడో ఆవిడక్కూడా తెలీదు. వాడు సమాచారం లైబ్రరీ షెల్ఫులో పెట్టిపోతాడు, ఆవిడ శాటిలైట్‌లో పంపాలి. అసలు మ్యాపు ఇంకా పెట్టలేదు. కోడ్‌వర్డ్: 'గుడివాడ బస్సు దొరికిందా?' జవాబు: 'నిలబడే వచ్చాను.' ఇంకోమాట. నాకు వాడు ప్రాణాలతో కావాలి."

"చూద్దామండీ," అన్నాడు అంకమ్మరావు. ఆ 'చూద్దాం' చీఫ్‌కి నచ్చలేదు.

రెసిడెన్షియల్ ఫెలోషిప్ అంటే ఏమిటో అంకమ్మరావుకి బందరు వెళ్లాకే తెలిసింది. గది ఉచితం, భోజనం ఉచితం, పైన స్టైపెండు. ఏం పీకుతున్నావని అడిగే నాథుడు లేడు. ఔరా, గూఢచారికి ఇంతకన్నా అత్తారిల్లు ఉంటుందా! సోడాబుడ్డి కళ్లద్దాలు, నలిగిన లాల్చీ, ఎండుచేపల వ్యాపార చరిత్ర మీద పరిశోధన. ఇదీ అతని కవర్. ఎవరేం వాదించినా "అంత తేలిగ్గా తేల్చెయ్యలేమండీ" అనేవాడు. వారం తిరక్కుండా మహా పండితుడని పేరొచ్చేసింది.

హారికది కూచిపూడి అభినయం మీద పరిశోధనట. ఆవిడ వరండాలో నడిచొస్తుంటే ముసలి ప్రొఫెసర్లు చదువుతున్న పేజీ మర్చిపోయేవారు. నడుముకి చిలకలపూడి రోల్డ్‌గోల్డు వడ్డాణం. దాని బిళ్ల వెనకాల ట్రాన్స్‌మిటర్.

"గుడివాడ బస్సు దొరికిందా?" అంది కళ్లతో నవ్వుతూ.

"నిలబడే వచ్చాను. ఎవడు వాడు?"

"అందరూ మేధావుల్లాగే ఉన్నారు. ఎవర్నని అనుమానించను?"

మెస్సులో అంకమ్మరావు ప్రతి ఫెలో చేతుల వంకా చూసేవాడు. ఈ చేతులేనా తాడు బిగించింది? లేక ఆ చేతులా? ముద్ద దిగేది కాదు.

ఒక మధ్యాహ్నం టీ దగ్గర డైరెక్టర్ కనకరత్నం గారు తల పట్టుకు కూర్చున్నారు.

"అందరికీ ఎక్స్‌టెన్షనే కావాలండీ! నా సర్వీసులో గడువుకి పని ముగించి గది ఖాళీ చేసిన మహానుభావుణ్ణి చూళ్లేదు. ఇన్నాళ్లకి దొరికాడు, మన నితిన్ గారు. పని పూర్తయిందట, సాయంత్రం బయల్దేరతారట. దండేసి పంపాలండీ!"

అంకమ్మరావు టీ కప్పు కింద పెట్టేశాడు. ఉచిత భోజనం వదులుకుని వెళ్లిపోయే పండితుడా? ఏం పని పూర్తయింది వీడికి? లైబ్రరీకి పరిగెత్తాడు.

నితిన్ అప్పటికే హారిక మెడకి పిస్టల్ ఆనించి ఉన్నాడు. పెన్‌డ్రైవ్ వడ్డాణంలో దూర్చి ఉంది.

"అసలు మ్యాపు ఇది. దీనికి షెల్ఫుని నమ్మను, నా కళ్లముందే పంపు."

బిళ్ల మీద అంకెలు పరిగెడుతున్నాయి. తొంభై. తొంభై అయిదు. అంకమ్మరావు చేతికందిన థీసిస్ లాగి విసిరాడు. ఎవరూ చదవని ఆ పుస్తకం అయిదు కేజీలుంటుంది. పిస్టల్ ఎగిరిపడింది. తొంభై తొమ్మిది దగ్గర హారిక పెన్‌డ్రైవ్ పీకేసింది.

మరుక్షణం నితిన్ నేల మీద, మెడకి నైలాన్ తాడు. దాన్ని అంకమ్మరావు ఊరినుంచే తెచ్చుకున్నాడు.

"అయ్యప్ప తమ్ముణ్ణిరా నేను!"

"చీఫ్ ప్రాణాలతో కావాలన్నారు..." అంది హారిక భయంగా.

నితిన్ దగ్గుతూనే నవ్వాడు. "అరెస్టు చేసుకో. ఎప్పుడో మావాళ్లు మీవాణ్ణొకణ్ణి అప్పగించి నన్ను విడిపించుకుంటారు. హాయిగా ఇంటికి పోతాను. మీ అన్నకే ఆ ఛాన్సు లేదు."

అంకమ్మరావు తాడు ఇంకా బిగించాడు. ఒక్క లాగు లాగితే చాలు. నితిన్ కళ్లు తేలేశాడు. అంతలో తాడు వదిలేశాడు అంకమ్మరావు.

"హారిక గారూ, వీడి వాళ్లకో మెసేజ్ రాయండి. 'నితిన్ ఇండియాకి అమ్ముడుపోయాడు. అందరి పేర్లూ చెప్పేశాడు.' మీ మాట నమ్ముతారుగా?"

నితిన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "వద్దు! నేనెక్కడున్నా వెతికి చంపుతారు! వద్దండీ, మీ కాళ్లు పట్టుకుంటాను!"

"మా అన్న కూడా వద్దనే అనుంటాడ్రా," అని వడ్డాణం బిళ్ల మీద బటన్ తనే నొక్కాడు.

చీఫ్ వచ్చేసరికి నితిన్ అడక్కుండానే పేర్లన్నీ కక్కుతున్నాడు. జైల్లోనే ఉంచమని, వాళ్లకి మాత్రం అప్పగించొద్దని ఒకటే ఏడుపు.

"చంపితే ఒక్కసారే చచ్చేవాడండీ," అన్నాడు అంకమ్మరావు. "ఇక తలుపు చప్పుడైనప్పుడల్లా చస్తాడు. మా వదినకి ఇదే చెప్తాను." అన్న కోసం అప్పుడు ఏడ్చాడు.

జీపు కదులుతుంటే డైరెక్టర్ గారు దండ పట్టుకుని రొప్పుతూ పరిగెత్తుకొచ్చారు. బేడీలు చూశారు, పిస్టల్ చూశారు, చీఫ్ వైపు తిరిగారు.

"అరెస్టూ గిరెస్టూ మీ ఇష్టమండీ. గది తాళం మాత్రం ఇచ్చి వెళ్లమనండి!"