హెల్వే రెండు చేతులు

రహస్య మీటింగులో పదమూడో మనిషి ఉన్నాడని తెలిసేసరికి మార్యు చెయ్యి విరిగిపోయింది.

భర్తల దెబ్బలు పడలేక ఇళ్లు వదిలిన పదకొండు మంది స్త్రీలు, వాళ్ల కౌన్సెలర్ మంగళవారం వీడియో కాల్‌లో కలిశారు. మార్యు తన కొత్త చిరునామా చెప్పింది. మధ్యాహ్నానికి ఆమె మాజీ భర్త ఆ గుమ్మంలో ఉన్నాడు.

ఇప్పుడు ఎస్టోనియా రాజధాని తాలిన్‌లో, లాకప్‌లో ఉన్నాడు.

"ఇంట్లో ఆమె వదిలేసిన ట్యాబ్‌లో పాత లింకు నొక్కాను. తెరుచుకుంది," అన్నాడు.

ఎవరు ఎప్పుడు ఎలా చేరారో రాసిపెట్టే సిస్టమ్ లాగ్ మాత్రం వేరే చెబుతోంది. 10:14:20. హోస్ట్ అనుమతించారు.

మీటింగు నడిపే ఆ హోస్ట్ పేరు హెల్వే. అరవై ఒక్కేళ్ల కౌన్సెలర్.

ఇన్‌స్పెక్టర్ ఉర్వే పిహ్లాక్ ఆమెను వెంటబెట్టుకుని, ఆ సిస్టమ్ తయారుచేసిన కంపెనీకి వెళ్లింది. గుమ్మంలో బూట్లు విప్పింది. మేజోడుకు చిల్లు. కుట్టుకునే ఓపిక లేదు.

"అతన్ని లోపలికి రానిచ్చే బటన్ నొక్కారా?"

"లేదనే అనుకుంటున్నాను మేడమ్. మిషన్ నొక్కావంటోంది," అంది హెల్వే. "ముప్పై ఏళ్లుగా వాళ్లకి కాపలా ఉన్నాను. తలుపు తీసింది నేనే అయితే, రేపట్నుంచి ఈ పని చెయ్యను."

డిజైనర్ టావెట్ నవ్వబోయాడు. "చాలా సులువైన సిస్టమ్ మేడమ్. మా పిల్లి కూడా మీటింగులో చేరగలదు."

"దొంగపిల్లి కూడానా?"

అతను నవ్వలేదు.

ఆ రోజు రాలేకపోయిన ఒకామె కోసం తీసిన రికార్డింగు ఉంది. ఉర్వే దాన్ని ఏడోసారి పెట్టింది. ఆరుసార్లూ అందరూ పదమూడో మనిషిదైన, పేరు లేని నల్ల గడినే చూశారు. హెల్వే గడిని ఎవరూ చూడలేదు.

హెల్వే ఉన్ని చేతితొడుగు అల్లుతోంది. అయిదు సూదులు. రెండు చేతులూ తెర మీదే ఉన్నాయి. 10:14:10 నుంచి 10:14:50 దాకా ఒక్క కుట్టు కూడా ఆగలేదు.

"బటన్ నొక్కడానికి ఈమెకి మూడో చెయ్యి ఉందా టావెట్?"

టావెట్ తెర వైపు వంగి చూశాడు.

"లాగ్‌లో ఆ మాట రాసేదెవరు?"

"సిస్టమ్."

"సిస్టమ్‌కి రాయడం నేర్పిందెవరు?"

హెల్వే తన చేతుల్నే చూసుకుంటోంది. టావెట్ ఆమె వైపు చూడలేక తల దించుకున్నాడు.

"మా అమ్మకి ఎనభై రెండు. అనుమతి వచ్చేదాకా ఆగమంటే, చెడిపోయిందనుకుని కట్టేసేది. అందుకే ఒకసారి లోపలికొచ్చిన ట్యాబ్ మళ్లీ వస్తే తలుపు తట్టక్కర్లేకుండా చేశాను. అందరికీ నచ్చింది, ఉంచేశాను. లాగ్‌లో ఖాళీ ఉండకూడదని 'హోస్ట్ అనుమతించారు' అని రాయించాను. ట్యాబ్ చేతులు మారుతుందని తట్టలేదు. నిన్న మీరు లాగ్ అడిగినప్పుడు మాత్రం అన్నీ తట్టాయి మేడమ్. తెలిసే పంపాను. నేరం ఈవిడ మీదకి పోతుందని తెలిసే పంపాను."