తాతారావు చేతి కట్టె

ఆదివారం ఉదయం ఆరున్నరకల్లా దత్తాత్రేయులు గారి మోపెడ్ కట్టెల అడితి ముందు ఆగింది. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పెళ్లిళ్లకు గాడిపొయ్యి తవ్వించి వంటలు చేయించే పెద్దమనిషి ఆయన. అందరూ గ్యాసుకు మారినా ఆయన మారలేదు. ఆయన పొయ్యిలోకి చింతకట్టె వెళ్లాల్సిందే, అదీ తాతారావు అడితి నుంచే వెళ్లాలి. ఒకటే పొడవు, ఒకటే లావు ఉన్న చీలికల్లోంచి ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరెంత చీల్చినా మీ చేతి కట్టె మీ చేతి కట్టేనండీ తాతారావు గారూ" అన్నారు.

తాతారావు గొడ్డలిని దుంగకు ఆనించి, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఏదో మీ అభిమానమండీ" అన్నాడు.

అరుగు మీద ఇంటర్ పుస్తకం పట్టుకుని కూర్చున్న ఆయన కూతురు అఖిలకు ఒళ్లు మండిపోయింది. తుడుచుకోవడానికి ఆ ముఖం మీద చెమట చుక్క లేదు. చెమట పట్టిన మనిషి పెరట్లో పంపు దగ్గర చేతులు కడుక్కుంటోంది.

రెండేళ్ల క్రితం కామవరపుకోట నుంచి వచ్చిన లారీలోంచి దుంగలు దించుతుంటే తాతారావు కుడి భుజం జారింది. ఇక గొడ్డలి పట్టుకోవద్దని ఏలూరు డాక్టరు గట్టిగా చెప్పాడు. కూలికి చీల్చేవాళ్లు ఎప్పుడో చేపల చెరువుల పనుల్లోకి వెళ్లిపోయారు. ఆ వారంలోనే రెండు పెళ్లిళ్లకు కట్టె ఒప్పుకుని ఉన్నారు. ఒకరోజు తెల్లవారుజామున తాతారావు భార్య సీతారత్నం కొంగు బిగించి, పెరట్లో టార్పాలిన్ చాటున దుంగ మీద ఇనుప మేకు నిలబెట్టి, సమ్మెట ఎత్తింది. అప్పటి నుంచి రోజూ అంతే. ఆరు గంటలకు చీలికలన్నీ అడితి ముందుకు చేరతాయి. తాతారావు బనీను వేసుకుని, గొడ్డలి తెచ్చుకుని వాటి పక్కన నిలబడతాడు.

భార్యను ఆయన చీల్చమనలేదు, వద్దనీ అనలేదు. ఆ ముగ్గురిలో ఎవరూ ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు. అమ్మ వేళ్లు ముడుచుకోక ఒకరోజు అన్నం చెంచాతో తింటుంటే చూసినప్పుడు అఖిలకు మొదటిసారి ఏడుపు వచ్చింది. తర్వాత ఏడుపు రావడం మానేసింది. కోపమే వచ్చేది. క్లాసులో పేరు పిలిస్తే లేచి నిలబడటానికే భయపడే పిల్ల. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పళ్ల మధ్య పెట్టుకునేది.

తొమ్మిదింటికి అన్న హేమంత్‌కుమార్ బైకు మీద దిగాడు. ఉండి అనే ఊళ్లో చేపల మేత కంపెనీలో సూపర్‌వైజరు. అక్కడే గది తీసుకుని ఉంటాడు, ఆదివారాలు ఇంటికి వస్తాడు. నాన్న భుజం కుదిరిపోయిందనీ, గొడ్డలి మళ్లీ పట్టుకుంటున్నాడనీ అతనికి చెప్పారు. వయసు మీదపడుతున్న తండ్రి ఇంకా దుంగలు కొడుతున్నాడన్న బాధతోనే అతను నెల రోజులుగా కట్టెలు చీల్చే హైడ్రాలిక్ మిషన్ల కోసం తిరుగుతున్నాడు. ఇవాళ వస్తూనే, ఏలూరులో ఒక వర్క్‌షాపులో మంచిది చూశాననీ, రేపు తండ్రిని తీసుకెళ్లి ఖాయం చేసుకొస్తాననీ చెప్పాడు.

ఇడ్లీ తింటూ ఫోన్లో వీడియో పెట్టి తండ్రికి చూపించాడు. బల్లలా పొడవుగా ఉన్న అడ్డ మిషను అది. నడుమెత్తున ఉన్న ఆ బల్ల మీద దుంగను పడుకోబెడితే, వెనక నుంచి ఇనుప దిమ్మె తోసుకొచ్చి కత్తికి నొక్కుతుంది. సరుగుడు దుంగలు దోసకాయల్లా విచ్చుకుంటున్నాయి.

"పదహారు టన్నుల ఒత్తిడి నాన్నా. మీరు దుంగ ఎత్తి పైన పెట్టడమే. మిగతాదంతా అదే చూసుకుంటుంది" అన్నాడు హేమంత్.

తాతారావు తలూపాడు. వంటింటి గుమ్మంలో నిలబడి వీడియో చూస్తున్న సీతారత్నం మెల్లగా అడిగింది. "దుంగ కిందే ఉంచి, పైనుంచి కత్తి దిగేది ఉండదేమిట్రా? ఇంత ఎత్తుకు చింత మొద్దులు ఎవరు ఎత్తుతారు?"

హేమంత్ నవ్వాడు. నిలువు మిషను కూడా ఉందిగానీ పని నెమ్మదిగా సాగుతుందనీ, అయినా ఈ మిషన్ల గొడవ నీకెందుకనీ, కాస్త చట్నీ వేయమనీ అన్నాడు. ఆ మాటకు అఖిలకు పెద్ద కోపం రాలేదు. అన్నయ్యకు తెలియదు. తెలిసిన మనిషి ఏమంటాడా అని తండ్రి వైపు చూసింది.

తాతారావు పళ్లెంలోంచి తల ఎత్తలేదు. "ఆవిడకేం తెలుసురా కట్టె సంగతి. దుంగ ఎత్తడం నాకో లెక్కా? ఇదే తీసుకుందాం" అన్నాడు.

సీతారత్నం చట్నీ గిన్నె తెచ్చి కొడుకు పళ్లెంలో వేసింది. వేళ్లు ముడుచుకోక గరిటె జారబోవడం అఖిల చూసింది.

"అయితే ఒకటి ఎత్తి చూపించండి నాన్నా."

ఆ గొంతు తనదేనని అఖిలకే నమ్మకం కలగలేదు. హేమంత్ ఇడ్లీ ముక్క పట్టుకున్న చేత్తో అలాగే చూశాడు.

"ఏంటే, ఎవరితో మాట్లాడుతున్నావు?"

"నాన్నతోనే. రేపు వచ్చే మిషను మీదికి రోజూ ఎత్తాలిగా. ఇవాళ ఒక్కటి ఎత్తమను."

హేమంత్ చెల్లెల్ని కసిరాడు. చదువు ఎక్కువై పొగరు తలకెక్కిందన్నాడు. తాతారావు మాత్రం పళ్లెం పక్కకు జరిపి లేచాడు. ఆయన ముఖం నల్లబడింది. చెయ్యి కూడా కడుక్కోకుండా నేరుగా పెరట్లోకి నడిచాడు. టార్పాలిన్ పక్కన పడి ఉన్న చింత మొద్దు ముందు వంగి, రెండు చేతులూ దాని కిందికి పోనిచ్చాడు. మొద్దు జానెడు లేచింది. కుడి భుజం తాళలేక ఆయన ఒళ్లంతా ఒక్కసారి పక్కకు ఒరిగింది.

సీతారత్నం పరుగెత్తుకొచ్చి మొద్దు మీద రెండు అరచేతులూ వేసి కిందికి అదిమింది. "వద్దండీ. మీకు దండం పెడతాను, వదిలెయ్యండి."

వెనకే వచ్చిన హేమంత్ కళ్లు ఆ చేతుల మీద పడ్డాయి. మొద్దు బెరడుకూ ఆ చేతుల చర్మానికీ పెద్ద తేడా లేదు. బొటనవేలి మొదట్లో పాత పుండు మానిన మచ్చ, దాని మీదే కొత్తగా లేచిన బొబ్బ. అతను ఇనుప మేకు వైపు, సమ్మెట వైపు, టార్పాలిన్ చాటున తడిగా ఉన్న చింత పొట్టు వైపు చూశాడు. చెల్లెలి వైపు చూసి, "ఎప్పటి నుంచి?" అని అడిగాడు.

"భుజం జారిన వారం నుంచి" అంది అఖిల. "రెండేళ్లు. నువ్వు ఆదివారం తొమ్మిదింటికి వస్తావుగా అన్నయ్యా, నీకు గొడ్డలి పట్టుకున్న నాన్నే కనిపిస్తాడు."

హేమంత్ తండ్రి మీద విరుచుకుపడ్డాడు. ఇన్నాళ్లూ ఆమె చేత ఈ పని చేయించి, ఆ మాట దాచి, పైగా ఆవిడకేం తెలుసని ఎలా అనగలిగారని నిలదీశాడు. తాతారావు భుజం పట్టుకుని పంపు గట్టు మీద కూలబడ్డాడు.

"నువ్వాగరా" అంది సీతారత్నం. ఆమె గొంతు పెద్దది కాలేదుగానీ హేమంత్ ఆగిపోయాడు. "ఆయనేం నా మెడ మీద కత్తి పెట్టి చేయించలేదు. కట్టె ఆగితే అడితి మూతపడుతుంది. అడితి మూతపడితే ఈ మనిషి బతకడు. నాకు తెలుసు, చేశాను. చేసినందుకు నాకు కోపం లేదు." ఆమె ఊపిరి తీసుకుంది. "నెల రోజులు తిరిగావు కదరా మిషను కోసం. ఆయన్ని అడిగావు, షాపు వాణ్ణి అడిగావు. ఇందాక నేనే నోరు తెరిచి అడిగితే చట్నీ వేయమన్నావు." భర్త వైపు తిరిగింది. "మీరేమో నాకేం తెలుసన్నారు. ఏ మొద్దు ఎటు పగులుతుందో ఈ ఇంట్లో నాకు కాక ఎవరికి తెలుసండీ?"

ఆమె అఖిల వైపు తిరిగింది. తండ్రిని అన్న ముందు అంత మాట అంటావా అని కూతుర్నీ తిట్టింది. తిడుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆ రోజు తాతారావు మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. సాయంత్రం ఎసట్లో బియ్యం పోస్తున్న భార్య దగ్గరకు వచ్చి, "రేపు ఏలూరు నువ్వూ రా. నువ్వు చూసిందే తీసుకుందాం" అన్నాడు. ఆమె సరేనంది. హేమంత్ కంపెనీకి ఫోన్ చేసి సెలవు పెట్టాడు.

అఖిల కోపం మాత్రం చల్లారలేదు. నాలుగు గోడల మధ్య ఒప్పుకోవడం ఏ పాటి అనుకుంది. దత్తాత్రేయులు గారి ముందు, గూడెం బజారులో ఆ మాట అనగలడా? రేపు మళ్లీ గొడ్డలి పట్టుకునే నిలబడతాడు, చూస్తూ ఉండు అని పక్క మీద దొర్లుతూ తనకు తానే చెప్పుకుంది.

సోమవారం బయల్దేరేముందు సీతారత్నం ఒక పని చేసింది. పెరట్లోని మొద్దుల్లో ముడులన్నీ తిరిగి మెలిపడ్డదాన్ని ఏరి, సరుకుల ఆటోలోకి దొర్లించమని కొడుక్కు చెప్పింది. వర్క్‌షాపు వాళ్లు సరుగుడు చీల్చి చూపిస్తే ఏం తెలుస్తుంది, సరుగుడు ఎవరు కొట్టినా పగులుతుంది అంది. హేమంత్ మారుమాట్లాడకుండా దొర్లించాడు. ఆ రోజుకు కాలేజీ మాని అఖిల కూడా ఆటో ఎక్కింది.

వర్క్‌షాపు యజమాని శ్యామ్ సుందర్ ఆ మొద్దును చూసి కాస్త వెనకాడాడు. అడ్డ మిషను మీదికి దాన్ని ఎక్కించడానికి హేమంత్‌తో పాటు ఇద్దరు పనివాళ్లు పట్టాల్సి వచ్చింది. దిమ్మె తోసుకొచ్చింది. ముడి దగ్గర ఆగి, మిషను మూలిగింది. మొద్దు పక్కకు జారింది.

"ఇలాంటివి దీనికి కష్టమండీ" అన్నాడు శ్యామ్ సుందర్.

సీతారత్నం నిలువు మిషను దగ్గరకు మొద్దును దింపించి, తనే కాలితో దొర్లించి పలక మీద నిలబెట్టింది. వంగి దాని చుట్టూ వేలితో తడిమింది. సన్నటి బీట దొరికిన చోట కత్తి దిగేలా తిప్పింది. రెండు హ్యాండిళ్లూ రెండు చేతులతో పట్టుకుంటేనే కత్తి దిగుతుందనీ, చేతులు నలగకుండా అలా పెట్టామనీ శ్యామ్ సుందర్ చెప్పాడు. ఆమె పట్టుకుని దించింది. కత్తి నెమ్మదిగా బీటలోకి దిగింది, మొద్దు పెద్ద చప్పుడుతో రెండైంది. పనివాళ్లు దగ్గరకు వచ్చి చూశారు.

శ్యామ్ సుందర్ నవ్వుతూ తాతారావు వైపు తిరిగాడు. "మీ పేరు గూడెం వాళ్లు చెబుతుంటారండీ. అమ్మగారికి పని బాగా నేర్పారు."

అఖిల తండ్రినే చూస్తోంది. ఆయన తువ్వాలు భుజం మీంచి తీశాడు. చేతుల్లో నలిపాడు.

"నేను నేర్పలేదండీ" అన్నాడు. "రెండేళ్లుగా మా అడితి కట్టె మొత్తం ఆవిడ చీల్చిందే. నా పేరు చెప్పుకుని అమ్మాను. ఆవిడకేం తెలుసని నిన్న నా బిడ్డల ముందు అన్నాను కూడానండీ. అనకూడని మాట అది."

పనివాళ్లంతా వింటున్నారు. సీతారత్నం తల వంచుకుని, చీలిన ముక్క అంచు మీద పొట్టు తుడవసాగింది. అక్కడ తుడవడానికి పొట్టేమీ లేదు. అఖిలకు రెండేళ్ల తర్వాత ఏడుపు వచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. తండ్రి దగ్గరకు వెళ్లి ఆయన ఎడమ చెయ్యి పట్టుకుంది.

శ్యామ్ సుందర్ సీతారత్నం వైపు తిరిగి, అంతకుముందు తాతారావుతో మాట్లాడినంత మర్యాదగా అడిగాడు. "మరి మీరు చెప్పండమ్మా, ఇంకేమైనా మార్చాలాండీ?"

ఆమె అలవాటు కొద్దీ భర్త వైపు చూసింది. ఆయన నువ్వే చెప్పు అన్నట్టు తల ఆడించాడు. సీతారత్నం కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుని, మిషను దగ్గరకు నడిచింది.

"ఈ హ్యాండిళ్లు నాకు ఎత్తయ్యాయండీ. ఓ నాలుగు అంగుళాలు దించుతారా?"

శ్యామ్ సుందర్ టేపు తీశాడు. ఆమె మోచెయ్యి మడిచి నిటారుగా నిలబడింది. తాతారావు వంగి, టేపు రెండో కొసను నేలకు ఆనించి పట్టుకున్నాడు.